ఆదివారం నాడు రెండు వోల్టులు

మా కారు పొద్దున పూట స్టార్ట్ కావడానికి మొరాయించడం మొదలుపెట్టిన నెలలోనే నా భార్య ఉద్యోగం మానేస్తానంది. ఈ రెండూ వేర్వేరు విషయాలని ఎవరైనా అనుకోవచ్చు. మా ఇంట్లో మాత్రం రెండూ ఒక్కటే.

ఆమె కుల్చారం దగ్గర ఒక హైస్కూల్లో లెక్కల టీచర్. మేముండేది మెదక్‌లో. రెండేళ్ల కిందట ఆమె నడుములో డిస్క్ జరిగింది. బస్సు వద్దు, ఆటో వద్దు, బండి వెనక కూర్చోవడం అసలే వద్దు అన్నాడు డాక్టరు. వీపు వెనక దిండు పెట్టుకుని కారులో అయితే పోవచ్చన్నాడు. దాంతో ఆమె యాభై నాలుగో ఏట డ్రైవింగ్ నేర్చుకుంది. నేను నేర్పుతానంటే వద్దంది. నేను పక్కసీట్లో కూర్చుని గొంతు పెంచితే తన కాలికి బ్రేకు దొరకదంది. పక్కింటి అన్న నేర్పాడు. ఆయన రిటైరైన బస్సు డ్రైవరు. అందుకే ఆమె ఇప్పటికీ కారును బస్సు మలిపినట్టు మలుపుతుంది, రోడ్డంతా తీసుకుని.

ఇక నేను. జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పి, చెప్పి, పోయిన ఏడాది రిటైరయ్యాను. కరెంటు, వోల్టేజి, నిరోధం అనే మూడు మాటల మీద నా బతుకంతా గడిచింది. వీటిలో ఏదైనా నాకు తెలియదని ఇంతవరకు ఎవరూ అనలేదు. అనే ధైర్యం ఉన్నవాళ్ల ప్రాక్టికల్ మార్కులు నా చేతిలో ఉండేవి.

రిటైరయ్యాక నాకు తెలిసిన కొత్త సంగతి ఒకటి ఉంది. ఇల్లు పొద్దున ఎనిమిదిన్నరకు ఖాళీ అవుతుంది. సాయంత్రం ఐదింటి దాకా ఖాళీగానే ఉంటుంది. కూతురు సిద్దిపేటలో, ఆమె సంసారం, ఆమె ఉద్యోగం. నేను పేపర్ తొమ్మిదింటికల్లా చదివేస్తాను. మోటర్ వేసి ట్యాంకు నిండేదాకా నిలబడతాను. పదింటికి గేటు దగ్గరికి పోయి వస్తాను. పదీ పదికి మళ్లీ పోతాను. సిగ్గుపడకుండా చెప్పాలంటే, ఆ ఇంట్లో ఒక్కడినే ఉండటం నాకు చేతకావడం లేదు. ఆమెకు ఇంకా ఐదేళ్ల సర్వీసు ఉంది. చాలించుకోరాదా అని రెండుసార్లు అడిగాను. "ఇంట్ల కూసోని ఏం జెయ్యాలె? నడుము ఇంకింత పట్టుకుంటది" అంది. మూడోసారి అడగడానికి నాకు నోరు రాలేదు.

అదే సమయానికి కారు పాడైంది.

పాడైందంటే ఆగిపోలేదు. తాళం తిప్పితే ఇదివరకు ఒక్క గుర్రుతో అందుకునే ఇంజను, ఇప్పుడు గుర్... గుర్... గుర్... అని నిద్రలోంచి లేవనివాడిలా మూలిగి, మూడోసారికో నాలుగోసారికో అందుకునేది. పొద్దున ఎక్కువ. సాయంత్రం కొంచెం నయం. మా ఆవిడకు ఆ సెకన్లు గుండెల మీద నడిచేవి. ఇరవై ఎనిమిదేళ్ల సర్వీసులో ఆమె ఒక్కరోజు కూడా ఆలస్యంగా పోలేదు. ప్రార్థన అయ్యాక వచ్చిన పిల్లల్ని గేటు బయట నిలబెట్టేది ఆమే. ఇప్పుడు హాజరు కూడా ఫోన్‌కు ముఖం చూపించి వేయాలి. ఆ ఫోన్‌కు మొహమాటం లేదు, ఎన్ని నిమిషాలు లేటో అంతా రాసుకుంటుంది.

"పిల్లల్ని బయట నిలవెట్టే టీచరే లేటొస్తె ఎట్లుంటది? ఒక్కసారి ఓర్చుకుంట. రెండోసారి లేటైతె వీఆర్ఎస్ రాసిస్త" అంది. ఆమె అన్నంత పని చేస్తుంది. డ్రైవింగ్ అలాగే నేర్చుకుంది.

కారు సంగతి తెలియగానే మా గల్లీలో డాక్టర్లు బయలుదేరారు. మొదట పక్కింటి అన్న. ఆయన బానెట్ కూడా ఎత్తలేదు. గేటు అవతల నిలబడి, కళ్లు మూసుకుని విన్నాడు.

"సారూ, గిది పెట్రోల్ ముచ్చట గాదు. సెల్ఫ్ ముచ్చట. ముప్పై ఏండ్లు బస్సు నడిపిన, గీ సప్పుడు నాకు ఎరుక లేదా?"

సెల్ఫ్ అంటే ఇంజన్‌ను మొదట తిప్పే మోటరు. బ్యాటరీలోని కరెంటంతా ఒక్క దమ్ములో తాగేది అదే. నేను మాత్రం బ్యాటరీ అన్నాను. కారణాలు కూడా చెప్పాను, బోర్డు మీద రాసినట్టు వరసగా. అన్న విని, "మీరు సదువుకున్నోళ్లు" అన్నాడు. అది ఒప్పుకోవడం కాదని నాకు తెలుసు.

రామాయంపేట రోడ్డు మీద కార్లకు కరెంటు పని చేసే ఆయన ఒకడున్నాడు, అందరం భాయ్ అంటాం. ఆయన మీటర్ పెట్టి చూసి, "బ్యాటరీ ఖతం సార్. కొత్తది ఎయ్యుండ్రి, ఫికర్ ఉండది" అన్నాడు. నేను గెలిచాను. కొత్త బ్యాటరీ వేశాం. ఆరు రోజులు కారు బుద్ధిగా స్టార్ట్ అయింది. ఆ ఆరు రోజులూ నేను అన్న కనిపించినప్పుడల్లా ఆగి మాట్లాడాను. ఏడో రోజు మళ్లీ గుర్... గుర్... మొదలైంది. ఆరోజు అన్నే ఆగి మాట్లాడాడు.

అప్పుడు సెల్ఫ్ విప్పించాం. భాయ్ దాంట్లో అరిగిన కార్బన్ ముక్కలు మార్చాడు, గ్రీజు పెట్టాడు, కడిగి తుడిచి బిగించాడు. వారం బాగుంది. తరువాత మామూలే. గల్లీలో వైద్యం పెరిగింది. మందుల షాపాయన పెట్రోలు బంకు మార్చమన్నాడు. అన్నేమో కారును మా గల్లీ ఎత్తున పెట్టి, ముందు భాగం కిందికి ఉండేట్టు ఆపమన్నాడు; స్టార్ట్ కాకపోతే బ్రేకు వదిలి, దొర్లుతుండగా గేరు వేస్తే చాలు, దానంతట అదే అందుకుంటుందట, ఆయన డిపో బస్సులన్నీ అలాగే బతికాయట. మా ఆవిడ ఆయన శిష్యురాలు గనక నాలుగు రోజులు అలాగే పెట్టింది. ఐదో రోజు ఆ ఏటవాలులోనే ఒకరి ఇంటికి ఇసుక ట్రాక్టరు వచ్చి కుప్ప పోసింది. ఆ వైద్యం అంతటితో ఆగింది.

నేను కూడా ఒక వైద్యం చేశాను. అది చెప్పాలంటే కొంచెం ఇబ్బంది. ప్రతి అమావాస్యకు నేను కారుకు కొబ్బరికాయ కొడతాను. దసరాకు ఎట్లాగూ అందరూ కొడతారు. నాది అమావాస్య పద్ధతి, మా ఇంట్లో ఎడ్లబండికి ఉండేది, స్కూటరుకు వచ్చింది, కారుకు దిగింది. చక్రం దగ్గర కాయ కొట్టి, చిప్పలో మిగిలిన నీళ్లు బానెట్ ఎత్తి బ్యాటరీ పక్కన పోస్తాను. బ్యాటరీకి పసుపు, కుంకుమ బొట్టు పెడతాను. బలమంతా అక్కడే ఉంటుంది గనక అక్కడ పూజ చేయాలన్నది నా లెక్క. ఫిజిక్స్ లెక్చరర్‌వు నువ్వేంటి ఇట్లా అని ఎవరైనా అడుగుతారని అమావాస్య నాడు తెల్లవారకముందే లేచి ఈ పని ముగించేవాణ్ణి. కారుకు ఈ రోగం వచ్చాక, ఎందుకైనా మంచిదని, అమావాస్య కాకపోయినా రెండు మంగళవారాలు రెండు కాయలు అదనంగా కొట్టాను.

మంగళవారం కాయలకు కూడా కారు లొంగలేదు. ఒక సోమవారం ఎనిమిది నిమిషాలు మొరాయించింది. ఆమె కుల్చారం రోడ్డు మీద ఎంత తోలినా ప్రార్థన అయిపోయాకే చేరింది. ఫోను రాసుకుంది. సాయంత్రం వచ్చి చెప్పులు విప్పుతూ, "ఒకటైంది" అంది. బయట నిలబెట్టిన పిల్లల పక్కనుంచే తాను లోపలికి పోయానని రెండు రోజుల తరువాత చెప్పింది. ఆ పిల్లలు నవ్వలేదట. నవ్వితే బాగుండేదంది.

ఆ ఆదివారం నేను పట్టుదలగా కూర్చున్నాను. కాలేజీలో వాడిన నా సొంత మీటరు ఒకటి అలమారాలో ఉంది. కొత్త బ్యాటరీ, విప్పి బిగించిన సెల్ఫ్, రెండూ మంచివే అయితే మధ్యలో దారి చెడి ఉండాలి. ఇది ఇంటర్ రెండో సంవత్సరం పాఠం. పైపు నిండా నీళ్లున్నా నల్లా మూతిలో చెత్త అడ్డం పడితే బకెట్ నిండదు. పాఠం నాకు ముందే గుర్తు రావాల్సింది. రాలేదు, ఎందుకంటే నేను అన్నతో గెలవడంలో ఉన్నాను.

కొలవడానికి ఇద్దరు కావాలి. ఒకరు తాళం తిప్పాలి, ఒకరు మీటరు చూడాలి. ఆమెను పిలిచాను. చర్చికి పోయే ఆటోలు మా రోడ్డు మీద వరసగా పోతున్నాయి. ఆమె పిండి చేతులు కొంగుకు తుడుచుకుని వచ్చి డ్రైవరు సీట్లో కూర్చుంది.

మొదట బ్యాటరీ మీదే రెండు ముళ్లు పెట్టి చూశాను. బాగుంది. తరువాత ఒక ముల్లు బ్యాటరీ మైనస్ మీద, రెండోది ఇంజను ఇనుము మీద పెట్టాను. ఆ రెండింటి మధ్య కారు బాడీ మీదుగా ఒక లావు వైరు ఉంటుంది, ఎర్త్ వైరు అంటారు, కరెంటు తిరిగి బ్యాటరీకి చేరే దారి అది. దారి సాఫుగా ఉంటే మీటరు సున్నాకు దగ్గరగా చూపించాలి.

"తిప్పు" అన్నాను.

గుర్... గుర్... మీటరు రెండు వోల్టులు చూపించింది.

వంగి చూశాను. ఎర్త్ వైరు రెండో కొస బ్యాటరీ తట్ట కింద, బాడీకి ఒక బోల్టుతో బిగించి ఉంది. భాయ్ బ్యాటరీ మార్చినప్పుడు పైన చూశాడు తప్ప అక్కడికి ఎవరి చూపూ పోలేదు. ఆ బోల్టు చుట్టూ తెల్లగా, పచ్చగా పొక్కు కట్టి ఉంది. దాంట్లో పసుపు కనిపించింది. ఒక కొబ్బరి పీచు కూడా అతుక్కుని ఉంది. రెండేళ్ల అమావాస్యలు, రెండు మంగళవారాలు అక్కడ ఎండిపోయి ఉన్నాయి. కారుకు రోగం ఇచ్చింది నేనే, మందని చెప్పి ఇంకింత పోసింది నేనే. విప్పి, గీకి, బిగిస్తే పదిహేను నిమిషాల పని.

"ఏమొచ్చింది? చెప్పుండ్రి" అంది ఆమె లోపలినుంచి. స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని, రిజల్టు కోసం నిలబడ్డ పిల్లలా ముందుకు వంగి చూస్తోంది.

చెప్పడానికి నోరు తెరిచాను. ముందు కొబ్బరికాయల సిగ్గు అడ్డం వచ్చింది. దాని వెనకే ఇంకో ఆలోచన వచ్చింది. ఇంకొక్క లేటు. ఒక్కటంటే ఒక్కటి. ఆ తరువాత ఈ ఇంట్లో పదింటికి నేను ఒక్కడినే ఉండను.

"ఇంక తెలుస్తలేదు. చూడాలె" అని బానెట్ దించాను.

ఆమె మొహం చిన్నబోయింది. "మీకే తెలుస్తలేదంటె ఇంకెవలకు తెలుస్తది?" అని లోపలికి పోయింది. నా చదువు మీద ఆమెకు ఉన్న నమ్మకం ఆరోజు నాకు చాలా ఇబ్బందిగా అనిపించింది. అయినా బోల్టు విప్పడానికి పానా తీయలేదు.

సోమవారం ఆమె ఐదింటికే లేచింది. కారు ఏడిపిస్తుందని అరగంట ముందే గిన్నెలు సర్దుకుని, చాయ్ సగం తాగి వదిలేసి బయటికి పోయింది. నేను కిటికీ దగ్గర నిలబడి విన్నాను. ఏం వినాలని నిలబడ్డానో దాచుకోవడం దేనికి. స్టార్ట్ కాకూడదని నిలబడ్డాను. ఐదోసారికి అందుకుంది. మంగళవారం కూడా అంతే. బుధవారం ఆమె బయలుదేరేముందు స్టీరింగ్‌కు దండం పెట్టుకుంది. ఆమెకు పూజల పిచ్చి లేదు, మా ఇంట్లో ఆ పిచ్చి నాది. ఆ దండం చూశాక నేను పేపరు తెరవలేకపోయాను. ఇవాళ చెప్పేద్దామనుకున్నాను. సాయంత్రం ఆమె టైముకు చేరానని సంబరంగా వచ్చింది. రేపు చెప్పొచ్చులే అనుకున్నాను.

గురువారం కారు అసలు మూలగను కూడా లేదు. తాళం తిప్పితే టక్ అంది, అంతే. తోసి చూద్దామంటే పక్కింటి అన్న చేగుంటలో పెళ్లికి పోయాడు. భాయ్ ఫోన్ ఎత్తలేదు. ఆమె ఇరవై నిమిషాలు తిప్పింది. ప్రతిసారీ తిప్పేముందు కొంచెం ఆగింది, దానికి ఆలోచించుకునే టైము ఇచ్చినట్టు. ఎనిమిదీ ముప్పావు అయింది. తొమ్మిదైంది. ఆమె కారు దిగి, తలుపు నెమ్మదిగా వేసి, లోపలికి వచ్చి డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుంది.

"ఒక తెల్ల కాగితం తెండ్రి. మీరే రాయాలె. నాకు గా ఆఫీసు ఇంగ్లీషు రాదు."

తెచ్చాను. మా కాలేజీలో ఎవరికి ఏ అర్జీ కావాలన్నా నేనే రాసేవాణ్ణి. చేయి దానంతట అదే పోయింది. ఎవరికి, ఎవరి ద్వారా, విషయం: స్వచ్ఛంద పదవీ విరమణ. అక్షరాలు కూడా బాగా వచ్చాయి. నేను కోరుకున్నదాన్ని నా చేతి రాతతో నేనే రాస్తున్నాను. ఇంకో రెండు వాక్యాలు రాసి ఆమెతో సంతకం పెట్టిస్తే అయిపోతుంది.

"కారణం ఏం రాయాలె?" అన్నాను. ఆరోగ్యం అంటుందనుకున్నాను. అందరూ అదే రాస్తారు.

"కారు స్టార్ట్ అయితలేదని రాయుండ్రి" అంది.

వెక్కిరింపు అనుకుని తలెత్తాను. కాదు. ఆమె నావైపు చూడటం లేదు. బ్యాగులోంచి పదో తరగతి పరీక్ష పేపర్ల కట్ట తీసి, దిద్దనివి ఎన్ని ఉన్నాయో వేలితో తిరగేస్తోంది.

"ఇంకేం కారణమున్నది? నాకైతె ఇంకో కారణం లేదు. గా పిల్లలకు త్రికోణమితి మొదలువెట్టిన, సగంల ఉన్నది. ఎవలు చెప్తరో ఏమో" అంది. కళ్లు తుడుచుకోలేదు. నీళ్లు జారి పేపరు మీద పడితే, అది ఎవరి పేపరో చూసి, కొంగుతో అద్దింది.

నేను పెన్ను మూత పెట్టాను. నా మీద నాకు అంత అసహ్యం ఎప్పుడూ కలగలేదు. స్టోరు గదిలోంచి పది నంబరు పానా, సాండ్‌పేపరు తీసుకుని బయటికి పోయాను. బ్యాటరీ పక్కకు పెట్టి, తట్ట ఎత్తి, బోల్టు విప్పాను. పొక్కు రాలింది. వైరు కొసను, బాడీ ఇనుమును తెల్లగా మెరిసేదాకా రుద్దాను. బోల్టు బిగించి, తట్ట, బ్యాటరీ తిరిగి పెట్టాను. సీట్లో కూర్చుని తాళం తిప్పాను. సగం తిప్పుకే ఇంజను అందుకుంది. కొత్తప్పుడు కూడా అంత తొందరగా అందుకున్నట్టు నాకు గుర్తులేదు.

ఆమె ఆ చప్పుడుకు వరండాలోకి వచ్చింది. "అయిందా? దొరికిందా?" అంది. మొహం వెలిగిపోయింది. అక్కడే ఆపేయొచ్చు. ఇప్పుడే దొరికిందంటే ఆమె నమ్మేది, పక్కింటి అన్నకు కూడా గొప్పగా చెప్పేది. నేను ఇంజను ఆపి, దిగి, చెప్పాను. కొబ్బరినీళ్ల సంగతి చెప్పాను. ఆదివారమే కనిపించిందని చెప్పాను. ఎందుకు చెప్పలేదో కూడా చెప్పాను, ఆ మాట చెప్పడానికే ఎక్కువసేపు పట్టింది.

ఆమె మెట్ల మీదనుంచి దిగలేదు.

"ఆదివారమా?"

"ఆదివారం."

"నాతోనే తాళం తిప్పిచ్చిండ్రు గద."

నేను చేతిలోని పానాను అటూ ఇటూ తిప్పాను.

"ఒక్కనికి పొద్దు పోతలేదంటె గా ముచ్చట నాకు చెప్పొద్దా? కారుతోని చెప్పిస్తరా?"

ఆమె లోపలికి పోయి మొహం కడుక్కుని, పేపర్ల కట్ట బ్యాగులో పెట్టుకుని వచ్చింది. మధ్యాహ్నం రెండు పీరియడ్లు ఉన్నాయని, సగం రోజు సెలవు పెడతానని నాతో కాదు, గేటుతో చెప్పినట్టు చెప్పింది. కారెక్కే ముందు బానెట్ ఎత్తమంది. ఏ బోల్టో చూపించమంది. బ్యాటరీ, తట్ట మళ్లీ తీసి చూపించాను. పానా తీసుకుని తానే ఒకసారి వదులు చేసి, మళ్లీ బిగించింది. రెండోసారి కూడా చేసింది. నడుము పట్టుకుని లేచి నిలబడి, పానాను కొంగుతో తుడిచి హ్యాండ్‌బ్యాగులో వేసుకుంది.

అది జరిగి మూడు నెలలైంది. కారు బాగానే ఉంది. త్రికోణమితి అయిపోయింది. ఇప్పుడు ఆమె రోజూ ఒంటిగంటకు, అన్నం తినేటప్పుడు, స్కూలునుంచి ఫోన్ చేస్తుంది. తిన్నారా అంటుంది. తిన్నానంటాను. పిల్లల గోల మధ్య ఇంకో పది నిమిషాలు ఏదో ఒకటి మాట్లాడుతుంది. పన్నెండున్నర నుంచే నేను ఫోన్ పక్కన కూర్చుంటానని ఆమెకు తెలుసు, ఆ సంగతి నేనే చెప్పాను. కోపం పోయిందా అని మాత్రం నేను అడగలేదు. పానా ఇంకా ఆమె బ్యాగులోనే ఉంది.